లైటాయన ఇచ్చిన బెల్లు

బోర్లా పడుకుని ఉన్నాడు డ్రైవరు. బల్లకి తల దగ్గర మొహం పట్టేంత కన్నం ఉంది, అందులోంచి కిందకి చూస్తే గచ్చు పలకలు నాలుగు, వాటి మధ్య తెల్ల సిమెంటు గీతలు, ఒక గీత మీద చిన్న దూది ముక్క. ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు అద్దంలోంచి రోడ్డు చూడ్డం అలవాటైన కళ్ళకి ఈ నాలుగు పలకలూ బొత్తిగా చాలడం లేదు, అయినా చేసేదేముంది, అరగంట కదలొద్దని చెప్పి తెర అవతల కుర్చీలో కూర్చున్నాడు లైటాయన, కాగితం మీద కలం గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నడుం నుంచి తొడల దాకా పల్చటి దుప్పటి, ఆ దుప్పటికి మధ్యలో అరచేయి అంత కిటికీ, ఆ కిటికీలో, యాభై ఒక్క ఏళ్ళలో తను ఒక్కసారైనా చూసుకోని చోట, ఐదు చుక్కలు. ఐదు చోట్ల లైటు కొట్టి వదిలేశాడు. అరగంటయ్యాక చర్మం ఏమంటుందో చూసి, సరేనంటే అప్పుడు మొత్తం మొదలెడతాడట. చర్మం ఏమంటుందో! చర్మాన్ని అడిగి పనిచేసే మనిషిని డ్రైవరు ఇంతవరకూ చూడలేదు. ఆయన పేరు బయట పలక మీద ఉండే ఉంటుంది, కానీ తలొంచుకుని లోపలికి దూరినవాడు పలకలేం చదువుతాడు, అందుకే మనసులో లైటాయన అని పెట్టేసుకున్నాడు.

సిగ్గు మాటకొస్తే, అది సగం తలుపు దగ్గరే పోయింది. "గడియ మీరే వేయండి డ్రైవర్ గారూ, పడిందో లేదో మీరే లాగి చూసుకోండి" అన్నాడు లైటాయన. అంత చిన్న మాట. కోతల వార్డులో ఎవరన్నారు ఆ మాట? అక్కడ తెర సగమే మూసుకునేది, రింగులు రెండు ఊడిపోయి, పెద్ద డాక్టరు వెనకాల నలుగురు చదువుకునే పిల్లలు, "ఇదిగో ఇలా వంగి చూడండి" అని ఆయన, వాళ్ళు వంగి చూడటం, అందులో ఒకమ్మాయికి తన కూతురి వయసు, ఆ అమ్మాయే నయం, మొహం పక్కకి తిప్పుకుంది. ఆరోజు తన వెనక భాగం ఊరందరూ తిరిగే కూడలి అయిపోయింది. ఇక్కడ గడియ తనే వేశాడు, రెండుసార్లు లాగి చూశాడు, అది గట్టిగా పడింది, ఆ గట్టితనం ఒంట్లోకి వచ్చినట్టయింది. ఆ తర్వాత ప్రతిదీ చెప్పి చేశాడు ఆ మనిషి. ఇప్పుడు దుప్పటి రెండు వేళ్ళు కిందకి జరుపుతున్నాను. ఇప్పుడు చల్లగాలి గొట్టం. ఇప్పుడు నా చేయి నడుం మీద పడుతుంది, ఉలిక్కిపడకండి. చెప్పాక ఒక్క క్షణం ఆగేవాడు, ఆ క్షణంలో మనిషికి తయారయ్యే తీరిక దొరికేది. మలుపు రాకముందే బ్రేకు మీద కాలు పెట్టి ప్రయాణికులకి ఒంట్లో తెలిసేలా చేయడం డ్రైవరుకీ తెలుసు, అది తెలియని డ్రైవర్ల బస్సులో నిలబడ్డ వాళ్ళందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు.

అసలింతకీ వెంట్రుక. ఎంత చిన్న వస్తువు! తల మీద నిలవరా బాబూ అని నూనెలు రాసి బతిమాలితే నిలవలేదు, నలభై దాటకుండానే టోపీ కింద నున్నగా అయిపోయింది, పిలవని చోటుకి మాత్రం చుట్టాల్లా దిగబడి కదలనంది. పిరుదుల చీలికలో, తోకెముక దగ్గర, గజ్జల మడతల్లో. రోజుకి తొమ్మిది గంటలు ఇంజను వేడి మీద కూర్చుంటే చెమట, చెమటకి రాపిడి, రాపిడికి వెంట్రుక విరిగి, విరిగిన మొన సూదిలా చర్మంలోకే తిరిగి దిగి, లోపల గది కట్టుకుని చీము పట్టడం. కోత డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మొదటి కోత మూడేళ్ళ కిందట, రెండోది నిరుడు. రెండోది మానడానికి రెండు నెలలు పట్టింది. "మూడోసారి లేచిందంటే స్టీరింగు మర్చిపోవాలి. పార్సిల్ గదిలో నిలబడి చేసే పని ఇస్తాం" అని డిపో అధికారి, పాపం మంచిగానే, భుజం మీద చేయి వేసి చెప్పాడు. వెంట్రుక రాకుండా లైటు వైద్యం మొదలైందని సోమవారంలోగా ఉత్తరం తెచ్చిస్తే సీటు ఉంటుంది. పార్సిల్ గది! కిటికీ కూడా లేదు దానికి. పొద్దున్నే మొదటి ట్రిప్పులో ఖాళీ రోడ్డు మీద సిగ్నళ్ళు ఒక్కొక్కటీ పచ్చబడుతుంటే పన్నెండు టన్నుల బండి చిటికెన వేలితో తిప్పినట్టు తిరిగే ఆ సుఖం పార్సిల్ గదిలో ఎక్కడ దొరుకుతుంది. ఈ బల్ల మీదకి తనని తీసుకొచ్చింది ఆ సీటే. సీటే పుండు చేసింది, ఆ సీటు కోసమే ఈ పాట్లన్నీ.

దూది ముక్క కాస్త కదిలింది, గాలి గొట్టం ఇంకా ఊపిరి తీస్తున్నట్టుంది. మీసాలాయన గుర్తొచ్చాడు. తర్వాతి షిఫ్టు డ్రైవరు, ఇద్దరిదీ ఒకే బండి, ఒకే సీటు, ఆ మీసాల వెనక ఎంత మంచి మనసుందో అంత వాగుడుంది. "లైటు కొడతారా? అక్కడా? ఒరేయ్, ఈకలు పీకి కోడిని మంట మీద తిప్పినట్టు తిప్పుతారు, నీ నల్లతోలుకి బొబ్బలొస్తే కూర్చోడం కాదు, పడుకోడం కూడా ఉండదు" అన్నాడు. మూడు రోజులు కంటి మీద కునుకు లేదు. లోపలికి రాగానే లైటాయన్ని మొట్టమొదట అడిగింది ఆ మాటే, కోడి సంగతి కాదు, బొబ్బల సంగతి. ఆయన నవ్వలేదు. "భయపడ్డం మంచిదే. బొబ్బలు రావచ్చు. అందుకే ఈ తతంగమంతా" అన్నాడు. లైటుకి నలుపంటే ఇష్టమట. వెంట్రుకలో నలుపుంటుంది, చర్మంలో నలుపుంటుంది, రెండిట్లో దేని మీద పడాలో దానికి మనమే నేర్పాలట. మూలన గుడ్డ కప్పి ఒక మిషను ఉంది, "అది మీకు పనికిరాదు, తెల్లతోలుకి చేసింది, తెలియనివాళ్ళు అందరికీ దాన్నే వాడేస్తారు" అని, గోడ పక్కనున్న రెండోదాన్ని దగ్గరికి తోసుకొచ్చాడు. ఇది పైచర్మాన్ని పెద్దగా పట్టించుకోకుండా లోపలికి వెళ్ళి వేరుని పట్టుకుంటుందట. ఒక్కసారికి అయ్యే పని కాదట, నెలకొకసారి చొప్పున ఆరేడు సార్లు రావాలట, అయినా మొత్తం పోతాయని మాటివ్వలేను, పల్చబడతాయి, మెత్తబడతాయి, గుచ్చుకోవడం తగ్గుతుంది, అంతవరకు చెప్పగలను అన్నాడు. అంతవరకే చెప్పాడు చూడు, అక్కడ నచ్చేశాడు. ఎక్కని కొండ ఎక్కిస్తానని చెప్పే మెకానిక్కుల్ని డ్రైవరు చాలామందిని చూశాడు.

ఇంకోటి, అది అడక్కుండానే బయటపడింది. చల్లగాలి గొట్టం వంపు సరిచేస్తూ, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు, "ఇరవై ఏళ్ళు కాలిన వాళ్ళ వార్డులో నర్సుగా చేశానండీ" అన్నాడు. కట్లు విప్పడం, కట్లు కట్టడం. ఇరవై ఏళ్ళు. "ఇప్పుడు కాలకుండా చూసే పని దొరికింది, నిద్ర పడుతోంది" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ ఊసు లేదు. ఆ చేతులు ఎందుకంత తేలిగ్గా పడతాయో డ్రైవరుకి అప్పుడర్థమైంది. ఎంత కాలిన ఒంటిని ముట్టుకుని ఉంటే ఒక మనిషి చేయి అంత మెత్తబడుతుంది?

ఇంట్లో ఆవిడ చేతులు కూడా. రెండో కోత తర్వాత రెండు నెలలు రోజూ పొద్దున ఆవిడే కట్టు మార్చేది. భార్యకి కట్టు కట్టడం ఎవరు నేర్పారు, ఎవరూ నేర్పలేదు, నర్సు చేస్తుంటే పక్కన నిలబడి చూసింది, మర్నాటి నుంచి మంచం మీద పాత దుప్పటి పరిచి, కిటికీ తెర వేసి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేది. గాయం లోపలి నుంచి మానాలట, అందుకని ఉప్పునీళ్ళలో తడిపిన పట్టీ లోపలికి కూరాలి. కూరుతూ "నొప్పిగా ఉందా?" అనేది. "లేదు" అనేవాడు. ప్రాణం పోయేది, అయినా లేదు. మొగుడు లేదంటే లేనట్టు ఆవిడ ఊఁ అనేది. ఈరోజు పొద్దున, ముందురోజే గీసుకుని రావాలని వీళ్ళిచ్చిన కాగితంలో ఉంటే, నిన్న స్నానాల గదిలో ఒక కాలు బకెట్ మీద పెట్టి అద్దం వెనక పట్టుకుని తను పడ్డ తిప్పలు గుర్తు చేసి మరీ నవ్వింది, "పెళ్ళిచూపులకి కూడా ఇంత శ్రద్ధగా గడ్డం గీసుకోలేదండీ మీరు" అని. నవ్వుతూనే చొక్కా గుండీ పెట్టింది. తోడొస్తానంది. వద్దన్నాడు. అన్నిటికీ వద్దు, లేదు.

పుట్టుమచ్చ సంగతి చెప్తే పడీపడీ నవ్వుతుంది. "ఇక్కడ మీకొక పుట్టుమచ్చ ఉంది, తెలుసా?" అన్నాడు లైటాయన. తనకేం తెలుసు! "దాని మీద లైటు పడకూడదు" అని తెల్ల పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు, చల్లగా, చక్కిలిగింతగా, రోడ్డు మీద గుంత చుట్టూ సున్నం గీత గీసినట్టు. యాభై ఒక్క ఏళ్ళు తన మీదే కూర్చున్నాడు, అక్కడొక మచ్చ ఉందని పరాయివాడు చెప్పాల్సి వచ్చింది. ఆవిడకి తెలిసే ఉంటుంది. రెండు నెలలు చూసింది కదా. ఎప్పుడూ చెప్పలేదేం.

ఐదు చుక్కలూ కొట్టినప్పుడు ప్రతిసారీ అడిగాడు, పదికి ఎంత అని. ఏమీ లేకపోతే సున్నా, ఓర్చుకోలేకపోతే పది. టక్కుమని ఒక చప్పుడు, వేడి నూనె చుక్క చిట్లి పడ్డట్టు, పడీపడగానే చల్లగాలి దాన్ని ఊదేసినట్టు. రెండు, అన్నాడు. మళ్ళీ టక్కు. రెండు. మూడో దానికీ రెండే. అప్పుడు గాలి గొట్టం పక్కన పెట్టి, "మీ నోరు రెండంటోంది, మీ కాలి వేళ్ళు ఐదంటున్నాయి. నేను వేళ్ళ మాటే వింటాను" అని లైటు తగ్గించాడు. నిజమే, కాలి వేళ్ళు ముడుచుకున్నాయి, బూట్లు విప్పేశాక దాచుకోడానికి చోటేది. తర్వాతి రెండూ నిజంగానే రెండు. నొప్పి అంటే ఓర్చుకోవాల్సిన విషయం అనుకునేవాడు తను, ఈయన దాన్ని నూనె మట్టం చూసే పుల్లలా వాడుతున్నాడు, ఎంతుందో చూసి దాన్నిబట్టి పనిచేస్తున్నాడు. ఇంతకాలం ఆ పుల్ల మీద అబద్ధం గీతలు గీస్తూ వచ్చాడన్నమాట.

ఇక చేతిలో ఈ బెల్లు. నల్లటి చిన్న బొత్తాం, తీగ ఉంది. "ఆపమని అరవక్కర్లేదు, ఎందుకని చెప్పక్కర్లేదు. నొక్కితే చాలు, నా చేయి ఆగిపోతుంది" అన్నాడు. డ్రైవరుకి నవ్వొచ్చింది. ఒక బెల్లు కొడితే ఆపాలి, రెండు కొడితే పోవాలి, ఇరవై ఆరేళ్ళుగా కండక్టరు కొడుతుంటే వింటూనే ఉన్నాడు. కొట్టే వంతు తనకి రావడం ఇదే మొదటిసారి. తను స్టీరింగు పట్టకుండా ఇంకొకరి చేతిలో ఒళ్ళు పెట్టిందీ ఇదే మొదటిసారి, కోతలప్పుడు మత్తులో ఉన్నాడు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఒక్క బెల్లుకి మంచి డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్తుంది, ఎవరు దిగుతున్నారు, ఎందుకు దిగుతున్నారు అని వెనక్కి చూడడు. ఈయన కాలు ఎలాంటిదో.

కలం ఆగింది. మళ్ళీ కదిలింది. ఏం రాస్తున్నాడు? మందులు ఏమీ వాడలేదు అని రాస్తున్నాడా? కాగితం నింపేటప్పుడు అడిగాడు ఆ ప్రశ్న, ఈ నెలలో ఏమైనా మాత్రలు వేసుకున్నారా అని. లేదన్నాడు. చుక్కలు కొట్టే ముందు మళ్ళీ అడిగాడు. లేదన్నాడు. డిపో గేటు దగ్గర గుమాస్తా పొద్దున్నే అడుగుతాడు, నిద్ర బాగా పట్టిందా, కళ్ళు బాగున్నాయా, ఒంట్లో బాగుందా అని, తలెత్తకుండా అడుగుతాడు, వీళ్ళు ఆగకుండా పట్టింది బాగున్నాయి బాగుంది అంటూ పోతారు, జ్వరంతో వణుకుతున్నవాడు కూడా అదే పాట. ఆ నోటితోనే ఇక్కడా వచ్చేసింది. కానీ ఊరికే వచ్చిందా? పదిరోజుల కిందట గజ్జ పక్కన మళ్ళీ గింజంత గడ్డ లేచింది. మూడోది. స్టాపులో బండి ఆపినప్పుడల్లా ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. ఎవరికి చెప్తాడు? చెప్తే పార్సిల్ గది. బస్సులో డ్రైవరు కాళ్ళ దగ్గర ఒక రేకు డబ్బా ఉంటుంది, తుడుచుకునే గుడ్డ, టార్చి, ఎవరికో మిగిలిపోయిన మాత్రలు, అది షిఫ్టుల మధ్య అందరి ఆసుపత్రీ. మీసాలాయన తనకి మిగిలిన చీము మాత్రలు అందులో వేసి ఉంచాడు. రోజుకి రెండు, ఐదు రోజులు మింగాడు. గడ్డ అణిగిపోయింది. మొన్నటిదాకా మింగినవే. వీళ్ళ కాగితంలో అదే రాసుంది, కొన్ని మాత్రలు వేసుకుంటే చర్మం వెలుగుకి తట్టుకోలేదు, కాలిపోవచ్చు, తప్పకుండా చెప్పండి అని. చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రోజూ తను బండి తీసేముందు ఇనప కడ్డీ తీసుకుని ఆరు చక్రాల బోల్టులూ కొడతాడు, ఒక్కొక్కటి, చెవి ఒగ్గి. గట్టిగా ఉన్న బోల్టు ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా మూలుగుతుంది. కుర్రడ్రైవర్లు నవ్వుతారు, తాతగారి పూజ మొదలైందని. ఇన్నేళ్ళలో మూడే మూడుసార్లు మూలిగింది, ఆ మూడుసార్లూ నలభై మంది ఇళ్ళకి చేరారు. ఈయన చేస్తున్నదీ అదే. ఐదు చుక్కలు, తెల్ల గీత, చల్లగాలి, పదికి ఎంత, మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న. బోల్టు బోల్టుకీ కొట్టి వింటున్నాడు. తను మూలగాల్సిన చోట ఖంగుమన్నాడు. బోల్టు కూడా అబద్ధం ఆడదు కదురా, అనుకున్నాడు డ్రైవరు, మొహం ఆ కన్నంలోనే వేడెక్కింది. ఇరవై ఏళ్ళు కాలిన ఒళ్ళు చూసి ఇప్పుడిప్పుడే నిద్రపోతున్న మనిషి చేతుల్లో, ఆ చేతులతోనే, ఇంకో ఒళ్ళు కాల్పించబోతున్నాడు తను.

తెర జరిగిన చప్పుడు. బూట్లు వచ్చి నాలుగు పలకల మీద ఆగాయి. "ఇప్పుడు దుప్పటి రెండు వేళ్ళు జరుపుతున్నాను." చల్లటి వేలు. "బావుందండీ. కాస్త ఎర్రబడి తగ్గింది. మీ చర్మం మనకి సరేనంది." కళ్ళకి అద్దాలు పెట్టించాడు, పలకలు నల్లబడిపోయాయి. మిషను గుయ్యిమని లేచింది. "చివరిసారి అడుగుతున్నాను డ్రైవర్ గారూ, విసుక్కోకండి. ఈ నెలలో మందులేమైనా?"

"లేదండీ" అంది నోరు.

బొటనవేలు బెల్లు నొక్కింది.

గుయ్యిమనే చప్పుడు అక్కడికక్కడ ఆగిపోయింది. గాలి కూడా ఆగింది. ఎందుకని ఆయన అడగలేదు. దుప్పటి పైకి లాగి కప్పాడు, అంతే. నల్లద్దాల చీకట్లో డ్రైవరు, "వేసుకున్నానండీ. చీము మాత్రలు. ఐదు రోజులు. గడ్డ మళ్ళీ లేచింది. చెప్తే సీటు పోతుందని" అన్నాడు. చెప్పడం ఇంత తొందరగా అయిపోతుందని తెలీదు, పదిరోజులుగా మోసింది నాలుగు ముక్కల్లో అయిపోయింది.

కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు. "ఈ మిషను మీద పద్దెనిమిది బెల్లులు విన్నాను. నొప్పికి కొట్టినవే అన్నీ. నిజం చెప్పడానికి కొట్టింది మీరొక్కరే" అన్నాడు లైటాయన.

"చుక్కలు బావున్నాయన్నారు కదండీ. చేసేస్తే కాలిపోయేదా?"

"కాలకపోనూవచ్చు. ఐదు చుక్కలకి ఓర్చింది మొత్తానికి ఓరుస్తుందని నేను చెప్పలేను. ఆ చెప్పలేని చోట నేను చేయి పెట్టను. చర్మం పైకి కొంతే చెప్తుంది, మిగతాది మనిషి చెప్పాలి. ముందు కోత డాక్టరు గారు ఆ గడ్డ చూడాలి, ఆయన సరేనన్నాక, మాత్రలు ఆపి మూడు వారాలు దాటాక రండి."

"మరి సోమవారం ఉత్తరం..."

"పరీక్ష కూడా వైద్యమేనండీ. మొదలైందనే రాస్తాను, అది నిజమే. మాత్రల వల్ల మూడు వారాలు ఆగామని కూడా రాస్తాను, అదీ నిజమే. మీ అధికారి ఏమంటాడో నా చేతిలో లేదు."

రాశాడు. డ్రైవరు బట్టలేసుకుని, తను వేసిన గడియ తనే తీశాడు. చేతులు జోడించబోతే లైటాయన ఆ చేతుల్ని పట్టుకుని ఊపి వదిలాడు. వసారాలో బల్ల మీద, అలవాటు కొద్దీ ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు, మళ్ళీ సర్దుకుని సూటిగా కూర్చున్నాడు. సీటు ఉంటుందో ఉండదో తెలియదు. ఉత్తరం జేబులో ఉంది, పక్కనే మడిచిన ఆ పాత కాగితం. ఆ గదిలో ఉన్నాయన లాంటి మనిషి ప్రతి పనిలోనూ ఒక్కడుంటే చాలు, ఎన్ని ఒళ్ళు నిమ్మళంగా నిద్రపోతాయో అనిపించింది. ఫోను మోగింది. ఆవిడే.

"అయిందా? నొప్పిగా ఉందా?"

లేదు అనే మాట నాలిక చివరికి వచ్చి కూర్చుంది. దాన్ని అక్కడే ఆపాడు.

"ఇప్పుడు పదికి ఒకటి. పదిరోజుల కిందట ఏడు ఉండేది, గడ్డ మళ్ళీ లేచింది, నీకు చెప్పలేదు. నువ్వు కట్టు కట్టినన్ని రోజులూ తొమ్మిది."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"తెలుసు. మీ కాలి వేళ్ళు ముడుచుకునేవి" అంది.

"తెలిస్తే మరి ఒక్కసారైనా అడక్కపోయావా?"

"రోజూ అడిగానుగా" అందావిడ.